మెనూ వెనుక ఉన్న అంకె: డెస్క్‌టాప్ అప్లికేషన్ల మెనూ ఆదేశాలను స్క్రిప్ట్‌తో నడిపించే సమగ్ర మార్గదర్శి

ఒక చిన్న వ్యాపార సంస్థలో నేను లెక్కల విభాగానికి కంప్యూటర్ పనులు చూసిపెట్టిన రోజుల్లో, అక్కడి గుమాస్తా ఒకరు రోజూ సాయంత్రం ఆరు గంటలకు పాత అకౌంటింగ్ అప్లికేషన్‌లో ‘రిపోర్ట్స్’ మెనూ తెరిచి, అందులో ‘డే బుక్’ ఎంచుకుని, దాని కింద ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కి, వచ్చిన డైలాగ్‌లో ఫైలు పేరు కొట్టి సేవ్ చేసేవారు. ఐదు శాఖలకు ఐదు సార్లు ఇదే పని. ఆ అప్లికేషన్‌కు కమాండ్ లైన్ లేదు, డేటాబేస్ తెరిచి చూసే వీలు లేదు, మెనూ తప్ప లోపలికి వెళ్లే మరో దారి లేదు.

నేను మొదట అందరిలాగే మౌస్‌ను కదిలించే స్క్రిప్ట్ రాశాను. తెర మీద ఫలానా బిందువు దగ్గర నొక్కు, అర సెకను ఆగు, మరో బిందువు దగ్గర నొక్కు అనే పద్ధతి అది. మానిటర్ మార్చిన రోజు అది ఆగిపోయింది. తర్వాత కీబోర్డ్ మీటలను పంపే స్క్రిప్ట్ రాశాను. మధ్యలో వేరే కిటికీ పైకి వచ్చిన రోజు ఆ మీటలన్నీ దాంట్లోకి పోయాయి. ఈ రెండు పద్ధతుల్లోనూ లోపం ఒక్కటే: మనిషి చేతిని అనుకరించడానికి ప్రయత్నిస్తున్నాం. మెనూ మనిషి కోసం పెట్టిన పై తొడుగు మాత్రమే. దాని వెనుక ప్రతి ఆదేశానికీ ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను సరైన విండోకు సరైన సమయంలో అందజేస్తే చాలు. మౌస్, కీబోర్డ్, తెర ఏవీ అవసరం లేదు. ఈ వ్యాసంలో ఆ పనిని విండోస్ మీద మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

ఇక్కడ ఫంక్షన్ల పేర్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. స్క్రిప్ట్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో, పదాల మధ్య ఖాళీ లేకుండా, ప్రతి పదం తొలి అక్షరం పెద్దదిగా రాయాలి. అవి దాదాపు అన్నీ విండోస్‌లోని యూజర్32 అనే డీఎల్‌ఎల్‌లో, అంటే ప్రోగ్రామ్‌లు పిలుచుకునే ఫంక్షన్ల ఫైలులో, ఉంటాయి. నేను పైథాన్‌లోని సీటైప్స్ మాడ్యూల్‌తో వాటిని పిలుస్తాను. పవర్‌షెల్‌లో యాడ్-టైప్ ద్వారా, ఆటోహాట్‌కీలో డీఎల్‌ఎల్‌కాల్ ద్వారా పిలిచినా ఫలితం ఒకటే.

ముందుగా వేసుకోవలసిన ప్రశ్న

మెనూ దాకా వెళ్లే ముందు, ఆ అప్లికేషన్‌లోకి ఇంకేదైనా మంచి దారి ఉందేమో చూడాలి. లిబ్రేఆఫీస్‌లో పత్రాన్ని పీడీఎఫ్‌గా మార్చడానికి మెనూ వెతకడం వృథా శ్రమ. తెర లేకుండా నడిచే హెడ్‌లెస్ పద్ధతిలో ‘కన్వర్ట్-టు’ అనే కమాండ్ లైన్ ఐచ్ఛికంతో ఆ పని ఒక్క వరుసలో అయిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఎక్సెల్, వర్డ్‌లకు కామ్ (ఒక ప్రోగ్రామ్‌ను మరో ప్రోగ్రామ్ నడిపించే విండోస్ ఏర్పాటు) పద్ధతిలో పూర్తి ఆబ్జెక్ట్ మోడల్ ఉంది; ఆఫీస్ 2007 నుంచి రిబ్బన్ మీది బటన్‌ను దాని పేరుతో నడిపించే ‘ఎగ్జిక్యూట్‌ఎంఎస్‌ఓ’ కూడా ఉంది. ఇలాంటి దారి ఉన్నచోట మెనూ జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం. ఏ దారీ లేని పాత అప్లికేషన్ల కోసమే ఈ మార్గదర్శి.

మెనూ లోపల ఏం జరుగుతుంది

విండోస్‌లో సంప్రదాయ మెనూ ఒక చెట్టు వంటిది. పైన మెనూ బార్, దాని కింద ఉపమెనూలు, వాటి కింద ఐటెమ్‌లు. కొనకొమ్మ లాంటి ప్రతి ఐటెమ్‌కూ అప్లికేషన్ రాసినవారు ఇచ్చిన ఐడీ, అంటే గుర్తింపు అంకె, ఒకటి ఉంటుంది. వినియోగదారు ఆ ఐటెమ్‌ను నొక్కగానే విండోస్ ఆ మెనూకు యజమాని అయిన విండోకు ‘డబ్ల్యూఎం కమాండ్’ అనే సందేశాన్ని పంపుతుంది. ఆ సందేశం సంఖ్య 273. దానితో పాటు రెండు విలువలు వెళతాయి. డబ్ల్యూపారమ్ అనే మొదటి విలువలో కింది 16 బిట్లు ఐటెమ్ ఐడీని మోస్తాయి. పై 16 బిట్లలో, ఆదేశం మెనూ నుంచి వస్తే 0, షార్ట్‌కట్ మీట నుంచి వస్తే 1 ఉంటుంది. ఎల్‌పారమ్ అనే రెండవ విలువ మెనూ విషయంలో 0.

అప్లికేషన్‌కు చేరేది ఇంతే. సందేశం మౌస్ నొక్కడం వల్ల వచ్చిందా, మన స్క్రిప్ట్ నుంచి వచ్చిందా అన్న తేడా సాధారణ అప్లికేషన్ గమనించదు. మనం చేయబోయే పనికంతటికీ ఆధారం ఇదే.

మొదటి అడుగు: మెనూ ఏ జాతిదో తేల్చుకోవడం

మెనూలాగా కనిపించేదల్లా మెనూ కాదు. కొన్ని అప్లికేషన్లు టూల్‌బార్‌నే మెనూ రూపంలో చూపిస్తాయి, కొన్ని తమ మెనూను తామే తెర మీద గీసుకుంటాయి. విండోస్ 10లోని నోట్‌ప్యాడ్‌కు అసలైన మెనూ ఉంది. విండోస్ 11లో వచ్చిన కొత్త నోట్‌ప్యాడ్‌కు లేదు. తేల్చుకోవడం సులభమే. విండో హ్యాండిల్‌ను (ఆ విండోను గుర్తించడానికి విండోస్ ఇచ్చే విలువ) ‘గెట్‌మెనూ’కు ఇవ్వండి. సున్నా కాని విలువ తిరిగి వస్తే అసలైన మెనూ ఉన్నట్టు. సున్నా వస్తే ఈ వ్యాసం చివరలో చెప్పిన యూఐ ఆటోమేషన్ దారి పట్టాలి. అయితే గెట్‌మెనూను ప్రధాన విండో మీదే పిలవాలి. చైల్డ్ విండో (మరో విండో లోపల ఉండే విండో) మీద పిలిస్తే వచ్చే విలువకు అర్థం ఉండదు.

రెండవ అడుగు: విండోను పట్టుకోవడం

‘ఫైండ్‌విండో’ రెండు విలువలు తీసుకుంటుంది: విండో క్లాసు (విండో రకం) పేరు, శీర్షిక. తెరిచిన ఫైలును బట్టి శీర్షిక మారిపోతుంది కాబట్టి క్లాసు పేరు నమ్మదగినది. పాత నోట్‌ప్యాడ్ క్లాసు పేరు నోట్‌ప్యాడే. మీ అప్లికేషన్ క్లాసు పేరు తెలియకపోతే విజువల్ స్టూడియోతో వచ్చే స్పై++ పనిముట్టుతో ఆ విండో మీద గురిపెట్టి చూడవచ్చు.

ఒకే అప్లికేషన్ రెండు సార్లు తెరిచి ఉంటే ఫైండ్‌విండో ఏదో ఒక దాన్ని ఇచ్చి ఊరుకుంటుంది. అది మీరు అనుకున్నదే అన్న హామీ లేదు. అందుకే స్క్రిప్టే అప్లికేషన్‌ను ప్రారంభించి, దాని ప్రాసెస్ ఐడీని (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు విండోస్ ఇచ్చే అంకె) దగ్గర పెట్టుకుని, ‘ఎన్యూమ్‌విండోస్’తో అన్ని పై స్థాయి విండోలనూ వరుసగా చూస్తూ, ఒక్కొక్క దాన్ని ‘గెట్‌విండోథ్రెడ్‌ప్రాసెస్‌ఐడీ’తో పోల్చి, మన ప్రాసెస్‌కు చెందిన విండోనే ఎంచుకోవడం మంచిది. లెక్కల అప్లికేషన్‌లో రెండు శాఖల కిటికీలు ఒకేసారి తెరిచి ఉండే అవకాశం ఉన్నప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి.

మూడవ అడుగు: మెనూ చెట్టును చదవడం

గెట్‌మెనూ ఇచ్చిన హ్యాండిల్‌తో ‘గెట్‌మెనూఐటెమ్‌కౌంట్’ను పిలిస్తే ఆ స్థాయిలో ఎన్ని ఐటెమ్‌లు ఉన్నాయో తెలుస్తుంది. 0 నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క స్థానానికి మూడు ప్రశ్నలు వేయాలి. ‘గెట్‌మెనూస్ట్రింగ్’ పేరు చెబుతుంది. స్థానం ప్రకారం అడుగుతున్నామని తెలియజేయడానికి దాని చివరి విలువగా 1024 ఇవ్వాలి. ‘గెట్‌మెనూఐటెమ్‌ఐడీ’ ఐడీ చెబుతుంది. అది -1 ఇస్తే ఆ ఐటెమ్ కింద ఉపమెనూ ఉన్నట్టు. అప్పుడు ‘గెట్‌సబ్‌మెనూ’తో ఉపమెనూ హ్యాండిల్ తీసుకుని, అదే పనిని దాని మీద మళ్లీ మొదలుపెట్టాలి. తనను తాను పిలుచుకునే ఒక చిన్న ఫంక్షన్‌తో, పాతిక వరుసలు మించకుండా, మెనూ చెట్టంతా ఒక టెక్స్ట్ ఫైలులోకి వచ్చేస్తుంది.

పేర్లు చదివేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. కింద గీత కనిపించే అక్షరానికి ముందు పేరులో ‘&’ గుర్తు ఉంటుంది; పేరు తర్వాత ట్యాబ్, ఆ తర్వాత షార్ట్‌కట్ మీట ఉంటాయి. పేర్లను పోల్చే ముందు ‘&’ తీసేసి, ట్యాబ్ తర్వాతి భాగాన్ని కత్తిరించాలి. ఐటెమ్‌ను అప్లికేషనే స్వయంగా గీసుకుంటుంటే పేరు ఖాళీగా రావచ్చు, కానీ ఐడీ మాత్రం పనిచేస్తుంది.

విండోస్ 10లోని నోట్‌ప్యాడ్ మీద దీన్ని నడిపిస్తే ఎడిట్ మెనూలో ‘టైమ్/డేట్’కు 26, ‘సెలెక్ట్ ఆల్’కు 25, ఫార్మాట్ మెనూలో ‘వర్డ్ ర్యాప్’కు 32 కనిపిస్తాయి. నోట్‌ప్యాడ్++ లో ‘న్యూ’కు 41001, ‘సేవ్’కు 41006. విండోస్‌కు తెలుగు భాషా ప్యాక్ పెట్టుకున్న కంప్యూటర్‌లో మెనూ పేర్లు తెలుగులోకి మారినా ఈ అంకెలు మారవు. పేరు మీద ఆధారపడిన స్క్రిప్ట్ భాష మారగానే ఆగిపోతుంది, ఐడీ మీద ఆధారపడినది ఆగదు.

స్థానం మీద ఆధారపడటం అన్నిటికన్నా ప్రమాదకరం. నేను దాన్ని అనుభవంతో నేర్చుకున్నాను. పైన చెప్పిన అకౌంటింగ్ అప్లికేషన్ ఒకే ప్రధాన విండోలో అనేక లోపలి విండోలను పెట్టే పాత తరహాది. నా స్క్రిప్ట్ ‘మెనూ బార్‌లో నాలుగవది రిపోర్ట్స్’ అనే లెక్కతో నడిచేది. ఒక సాయంత్రం గుమాస్తా లోపలి విండోను పూర్తి పరిమాణానికి పెంచి వెళ్లిపోయారు. అలా పెంచినప్పుడు ఆ లోపలి విండో సిస్టమ్ మెనూ వచ్చి మెనూ బార్‌లో మొదటి స్థానంలో కూర్చుంటుంది. మిగిలినవన్నీ ఒక్కొక్క స్థానం కుడికి జరుగుతాయి. ఆ రోజు నా స్క్రిప్ట్ రిపోర్ట్స్‌కు బదులు దాని ముందున్న మెనూలోని ఐటెమ్‌ను నడిపించి, ఖాళీ ఎంట్రీ ఫారమ్ ఒకటి తెరిచి, రాత్రంతా అక్కడే నిలిచిపోయింది. మర్నాడు ఉదయం ఐదు శాఖల నివేదికలనూ చేత్తో తీయవలసి వచ్చింది. తెర మీద చూస్తే ఎడమ మూలన ఒక చిన్న ఐకాన్ అదనంగా ఉంది, అంతే తేడా. అప్పటి నుంచి స్థానాలను చెట్టు చదవడానికే వాడుతున్నాను, ఆదేశం ఇవ్వడానికి ఎప్పుడూ వాడలేదు.

నాలుగవ అడుగు: ఆదేశం ఇవ్వవచ్చో లేదో అడగడం

మెనూలో బూడిద రంగులో ఉన్న ఐటెమ్‌ను మౌస్‌తో నొక్కలేం. కానీ ఆ అడ్డు మెనూలో ఉంది, ఆదేశంలో లేదు. 273 సందేశాన్ని నేరుగా పంపితే, అప్లికేషన్ స్వయంగా తనిఖీ చేసుకోకపోతే, బూడిద రంగు ఐటెమ్ వెనుక ఉన్న పని కూడా నడిచిపోవచ్చు. ఎంఎఫ్‌సీ అనే మైక్రోసాఫ్ట్ లైబ్రరీతో రాసిన అప్లికేషన్లు ఆ తనిఖీ చేస్తాయి, అన్నీ చేయవు. ఏ లెడ్జరూ తెరవని సమయంలో ‘పోస్ట్’ అనే ఆదేశం అందితే ఏమవుతుందో రాసినవారు ఊహించి ఉండకపోవచ్చు. అందువల్ల పంపే ముందు స్థితి చూడడం మన బాధ్యత.

‘గెట్‌మెనూస్టేట్’కు మెనూ హ్యాండిల్, ఐడీ, చివరి విలువగా 0 ఇస్తే ఒక సంఖ్య వస్తుంది. దానిలో 1 అనే బిట్ ఉంటే బూడిద రంగు, 2 ఉంటే అచేతనం, 8 ఉంటే టిక్ పెట్టి ఉన్నట్టు. -1 వస్తే ఆ ఐడీ అసలు ఆ మెనూలో లేనట్టు.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసే చోటు ఒకటి ఉంది. అనేక అప్లికేషన్లు తమ ఐటెమ్‌ల రంగును ఎప్పటికప్పుడు సరిచేయవు. వినియోగదారు మెనూను తెరిచే క్షణంలోనే సరిచేస్తాయి. మెనూ తెరవకుండానే స్థితి అడిగితే ఎప్పటిదో పాత సమాధానం వస్తుంది. నోట్‌ప్యాడ్ తెరిచి, నాలుగు పదాలు టైపు చేసి, వాటిలో ఒకటి ఎంచుకుని, ఎడిట్ మెనూ తెరవకుండా ‘కాపీ’ స్థితిని స్క్రిప్ట్‌తో అడిగి చూడండి. ఎంపిక కళ్ల ముందు నీలంగా మెరుస్తున్నా, సమాధానంలో బూడిద బిట్ ఇంకా కనిపించవచ్చు.

దీనికి పరిష్కారం, మెనూ తెరిచే ముందు విండోస్ పంపే సందేశాలనే మనమూ పంపడం. మొదట ‘డబ్ల్యూఎం ఇనిట్‌మెనూ’, సంఖ్య 278, డబ్ల్యూపారమ్‌గా మెనూ బార్ హ్యాండిల్. తర్వాత ‘డబ్ల్యూఎం ఇనిట్‌మెనూపాపప్’, సంఖ్య 279, డబ్ల్యూపారమ్‌గా ఉపమెనూ హ్యాండిల్, ఎల్‌పారమ్‌గా ఆ ఉపమెనూ స్థానం. రెండింటినీ ‘సెండ్‌మెసేజ్’తోనే పంపాలి, అప్పుడే అప్లికేషన్ తన మెనూను సరిచేసుకున్న తర్వాత గానీ మన స్క్రిప్ట్ ముందుకు కదలదు. ఇప్పుడు మళ్లీ గెట్‌మెనూస్టేట్ అడిగితే నిజమైన స్థితి తెలుస్తుంది. కొన్ని అప్లికేషన్లు ‘ఇటీవలి ఫైళ్లు’ వంటి ఐటెమ్‌లను కూడా ఈ సందేశం అందిన తర్వాతే మెనూలో చేరుస్తాయి కాబట్టి, మూడవ అడుగులో చెట్టు చదివేటప్పుడు కూడా ప్రతి ఉపమెనూకూ ముందుగా 279 పంపడం మంచి అలవాటు.

టిక్ పెట్టే ఐటెమ్‌ల విషయంలో స్థితి చూడడం మరీ ముఖ్యం. వర్డ్ ర్యాప్ ఆదేశానికి ‘పెట్టు’ అనో ‘తీయి’ అనో అర్థం లేదు, ‘మార్చు’ అనే అర్థం. 8 బిట్ చూడకుండా పంపితే, ఇప్పటికే ఉన్నదాన్ని తీసివేసినవారమవుతాం.

ఇంకొక తనిఖీ చిన్నదే అయినా నన్ను ఎన్నోసార్లు కాపాడింది. ప్రధాన విండోను ‘ఈజ్‌విండోఎనేబుల్డ్’కు ఇవ్వండి. సున్నా వస్తే ఆ విండో పైన ఏదో డైలాగ్ ఇప్పటికే తెరుచుకుని సమాధానం కోసం ఎదురుచూస్తున్నట్టు. ఆ స్థితిలో కొత్త ఆదేశం పంపకూడదు.

ఐదవ అడుగు: ఆదేశాన్ని అందజేయడం

పంపడానికి రెండు ఫంక్షన్లు ఉన్నాయి. ‘సెండ్‌మెసేజ్’ సందేశాన్ని అందజేసి, అప్లికేషన్ ఆ పని ముగించేదాకా అక్కడే నిలబడుతుంది. ‘పోస్ట్‌మెసేజ్’ సందేశాన్ని వరుసలో పెట్టి వెంటనే తిరిగి వస్తుంది. ఈ తేడాను పట్టించుకోకపోతే స్క్రిప్ట్ ఎందుకు ఆగిపోయిందో ఎంత వెతికినా దొరకదు. ‘ఎక్స్‌పోర్ట్’ ఆదేశం ఒక డైలాగ్ తెరుస్తుంది అనుకుందాం. దాన్ని సెండ్‌మెసేజ్‌తో పంపితే, డైలాగ్ మూసేదాకా ఆ పిలుపు తిరిగి రాదు. డైలాగ్ మూయవలసింది మన స్క్రిప్టే. అది పిలుపు దగ్గర నిలిచిపోయి ఉంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు.

కాబట్టి డైలాగ్ తెరిచే ఆదేశాలకు పోస్ట్‌మెసేజ్ వాడండి. మెనూ పేరు చివర మూడు చుక్కలు ఉంటే సాధారణంగా డైలాగ్ వస్తుందని గుర్తు, అయితే పాత అప్లికేషన్లు ఈ మర్యాదను అన్నిచోట్లా పాటించవు. డైలాగ్ తెరవని చిన్న పనులకు ‘సెండ్‌మెసేజ్‌టైమవుట్’ మేలు. నిర్ణీత గడువు దాటితే అది తిరిగి వచ్చేస్తుంది. గడువు దాటినంత మాత్రాన ఆదేశం రద్దు కాదని గుర్తుంచుకోవాలి. అప్లికేషన్ ఆ పనిని ఇంకా చేస్తూనే ఉండవచ్చు. గడువు దాటిందని అదే ఆదేశాన్ని మళ్లీ పంపితే పని రెండు సార్లు జరగవచ్చు.

నోట్‌ప్యాడ్ మీద ప్రయోగం ఇలా ఉంటుంది: విండో హ్యాండిల్, 273, 26, 0 అనే నాలుగు విలువలతో పోస్ట్‌మెసేజ్‌ను పిలవండి. నోట్‌ప్యాడ్ వేరే కిటికీల వెనుక ఉన్నా, మినిమైజ్ చేసి ఉన్నా, కర్సర్ ఉన్నచోట ఆనాటి తేదీ, సమయం పడతాయి. మొదటిసారి ఇది చూసినప్పుడు కలిగే ఆనందం వేరు.

పైథాన్ వాడేవారు ప్రతి ఫంక్షన్‌కూ ఆర్గ్యుమెంట్ల రకాలను, తిరిగి వచ్చే విలువ రకాన్ని ముందే ప్రకటించాలి. ప్రకటించకపోతే సీటైప్స్ తిరిగి వచ్చే విలువను 32 బిట్ల పూర్ణాంకంగా భావిస్తుంది. 64 బిట్ల విండోస్‌లో పాయింటర్లు పంపేచోట ఇది తప్పు ఫలితాలకు దారితీస్తుంది.

ఇన్ని అడుగులు చేత్తో రాయడం ఇష్టం లేనివారికి ఆటోహాట్‌కీలో ‘మెనూసెలెక్ట్’ అనే ఆదేశం ఉంది. 2022లో వచ్చిన 2.0 సంచికకు ముందు దాని పేరు ‘విన్‌మెనూసెలెక్ట్‌ఐటెమ్’. పైథాన్‌లో పైవిన్‌ఆటో లైబ్రరీ ‘మెనూ_సెలెక్ట్’ ఇస్తుంది. ఇవి విండో పేరు, మెనూ దారి తీసుకుని పని చేసిపెడతాయి. చిన్న పనులకు వీటిని నిస్సంకోచంగా వాడండి. కానీ ఇవి పేర్ల మీద, స్థానాల మీద నడుస్తాయి కాబట్టి పైన చెప్పిన జాగ్రత్తలు వీటికీ వర్తిస్తాయి.

సందేశం పంపినా ఏమీ జరగకపోతే రెండు కారణాలు చూడాలి. మొదటిది, అప్లికేషన్ స్థానం ప్రకారం సమాచారం అందుకునే మెనూ శైలి వాడుతూ ఉండవచ్చు. అప్పుడు 273కు బదులు 294 సంఖ్య గల ‘డబ్ల్యూఎం మెనూకమాండ్’ వెళ్లాలి, దానిలో డబ్ల్యూపారమ్ స్థానం, ఎల్‌పారమ్ మెనూ హ్యాండిల్. స్పై++ లో ఆ విండో సందేశాలను నమోదు చేస్తూ మెనూను ఒకసారి చేత్తో నొక్కితే ఏ సందేశం వెళుతోందో కళ్ల ముందే కనిపిస్తుంది. రెండవది అనుమతి. విస్టా నుంచి విండోస్‌లో, తక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రామ్ ఎక్కువ అధికారంతో నడిచే విండోకు ఇలాంటి సందేశాలు పంపకుండా ఆపే రక్షణ ఉంది. అప్లికేషన్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, స్క్రిప్ట్‌ను మామూలుగా నడిపితే పోస్ట్‌మెసేజ్ విఫలమై, ‘గెట్‌లాస్ట్‌ఎర్రర్’ 5 చూపుతుంది. స్క్రిప్ట్‌కు అధికారం పెంచడం కన్నా, అప్లికేషన్‌కు నిజంగా అంత అధికారం అవసరమా అని చూసి తగ్గించడమే నేను చేసే పని.

ఆరవ అడుగు: డైలాగ్‌కు సమాధానం ఇవ్వడం

పోస్ట్‌మెసేజ్ తర్వాత డైలాగ్ వెంటనే రాదు. అర సెకను పట్టవచ్చు, పది సెకన్లు పట్టవచ్చు. నిర్ణీత సమయం నిద్రపోయే స్క్రిప్ట్ ఏదో ఒక రోజు దెబ్బతింటుంది. 200 మిల్లీసెకన్లకు ఒకసారి వెతుకుతూ, 15 సెకన్లు దాటితే తప్పు నమోదు చేసి ఆగిపోవడం సరైన పద్ధతి. విండోస్ డైలాగ్‌ల క్లాసు పేరు #32770. ఆ క్లాసు విండోలు అనేకం ఉండవచ్చు కాబట్టి, ‘గెట్‌విండో’ను 4 అనే విలువతో పిలిచి, దాని యజమాని మన ప్రధాన విండోయేనా అని ధ్రువపరచుకోవాలి.

ఫైలు పేరు పెట్టడానికి డైలాగ్ లోపలి విండోలను ‘ఎన్యూమ్‌చైల్డ్‌విండోస్’తో చూసి, కనిపిస్తున్న ఎడిట్ క్లాసు విండోను పట్టుకుని, 12 సంఖ్య గల ‘డబ్ల్యూఎం సెట్‌టెక్స్ట్’ సందేశాన్ని పంపాలి. ఇంకొక ప్రాసెస్‌లోని విండోకు మన మెమరీలోని అక్షరాల చిరునామా పంపితే ఎలా పనిచేస్తుందన్న సందేహం కలగడం సహజం. 1024 కన్నా తక్కువ సంఖ్య గల వ్యవస్థ సందేశాల విషయంలో ఆ అక్షరాలను అవతలి ప్రాసెస్‌లోకి విండోసే చేరవేస్తుంది. ఆపై సంఖ్యల సొంత సందేశాలకు ఆ సౌకర్యం లేదు. ఫంక్షన్ పేరు చివర ‘డబ్ల్యూ’ ఉన్న యూనికోడ్ రూపాన్ని వాడితే తెలుగు ఫైలు పేర్లు కూడా చెడకుండా వెళతాయి, అవతలి అప్లికేషన్ సైతం యూనికోడ్‌ది అయితే. మా అప్లికేషన్ అలాంటిది కాదు. తెలుగు పేరు పెడితే ప్రశ్నార్థకాలు వచ్చేవి, అందుకే శాఖలకు అంకెల సంకేతాలు వాడాను.

ఇక సేవ్ బటన్ నొక్కాలి. చూడండి, ఇక్కడ కూడా అదే 273. డైలాగ్ బటన్ కూడా తన యజమానికి డబ్ల్యూఎం కమాండే పంపుతుంది. ఓకే లేదా సేవ్ బటన్ ఐడీ 1, క్యాన్సిల్ 2, అవును అనేది 6, కాదు అనేది 7. మెనూతో తేడా ఒక్కటే, ఎల్‌పారమ్‌లో ‘గెట్‌డీఎల్‌జీఐటెమ్’తో తెచ్చుకున్న బటన్ హ్యాండిల్ ఇవ్వాలి. సేవ్ ఆదేశం ‘పాత ఫైలు మీద రాయమంటారా’ అనే మరో డైలాగ్ తెరవవచ్చు కాబట్టి దీన్నీ పోస్ట్ చేయడమే మంచిది. ఆ ప్రశ్నకు గుడ్డిగా ‘అవును’ పంపే స్క్రిప్ట్ రాయకండి. ఫైలు పేరులో తేదీ, సమయం కలిపితే ఆ ప్రశ్నే రాదు.

ఏడవ అడుగు: పని నిజంగా అయిందా అని చూడడం

పోస్ట్‌మెసేజ్ విజయవంతమైందంటే సందేశం వరుసలో చేరిందని మాత్రమే అర్థం. ఆదేశం నడిచిందని కాదు, నివేదిక వచ్చిందని అసలే కాదు. ఫలితాన్ని అప్లికేషన్ బయట వెతకాలి. నా స్క్రిప్ట్ నాలుగు విషయాలు చూసేది: ఫైలు ఉందా, దాని సమయం స్క్రిప్ట్ మొదలైన తర్వాతిదేనా, రెండు సెకన్ల తేడాతో రెండు సార్లు చూసినప్పుడు పరిమాణం సున్నా కాకుండా, పెరగకుండా ఉందా, మొదటి వరుసల్లో ఆనాటి తేదీ, సరైన శాఖ సంకేతం ఉన్నాయా. నాలుగవ తనిఖీ అనవసరమని మొదట అనుకున్నాను. ఒక రోజు మూడవ శాఖ ఫైలులో రెండవ శాఖ లెక్కలే మళ్లీ వచ్చాయి. శాఖ మార్పు పూర్తికాక ముందే ఎక్స్‌పోర్ట్ ఆదేశం వెళ్లడమే కారణం. ఆ తనిఖీ లేకపోతే ఆ తప్పు నెలాఖరు దాకా బయటపడేది కాదు.

సమయానికి తనంతట తాను నడిచేలా పెట్టడం

టాస్క్ షెడ్యూలర్‌లో పని పెట్టేటప్పుడు ‘వినియోగదారు లాగిన్ అయినా కాకపోయినా నడిపించు’ అనే ఐచ్ఛికం ఆకర్షణీయంగా కనిపిస్తుంది. ఈ పనికి అది పనికిరాదు. ఆ ఐచ్ఛికంతో స్క్రిప్ట్ తెరతో సంబంధం లేని వేరే సెషన్‌లో నడుస్తుంది; వినియోగదారు సెషన్‌లోని విండోలు దానికి కనిపించవు, ఫైండ్‌విండో సున్నా ఇస్తుంది. చేత్తో నడిపితే పనిచేసే స్క్రిప్ట్ షెడ్యూలర్‌లో పనిచేయకపోతే మొదట చూడవలసింది ఇదే. ‘లాగిన్ అయి ఉన్నప్పుడే నడిపించు’ ఎంచుకోండి. తెరకు తాళం వేసి ఉన్నా సందేశాలు అందుతాయి. మౌస్, కీబోర్డ్ అనుకరణ మాత్రం అప్పుడు పనిచేయదు. గుమాస్తా తెరకు తాళం వేసి ఇంటికి వెళ్లిన తర్వాత కూడా పని జరగడానికి కారణం ఈ పద్ధతే.

అసలైన మెనూ లేనప్పుడు

గెట్‌మెనూ సున్నా ఇచ్చిన అప్లికేషన్లకు యూఐ ఆటోమేషన్ వాడాలి. కళ్లు కనిపించనివారి కోసం తెర చదివే సాఫ్ట్‌వేర్లు ఆధారపడే వ్యవస్థ ఇదే. ఇందులో ప్రతి మెనూ ఐటెమ్ ఒక ఎలిమెంట్. ఉపమెనూను ‘ఎక్స్‌పాండ్‌కొలాప్స్’ ప్యాటర్న్‌తో తెరిచి, కనిపించిన ఐటెమ్‌ను ‘ఇన్వోక్’ ప్యాటర్న్‌తో నడిపించాలి. మెనూ తెరుచుకునేదాకా లోపలి ఐటెమ్‌లు చెట్టులో ఉండకపోవచ్చు కాబట్టి ప్రతి మెట్టులోనూ ఎదురుచూడక తప్పదు. ఐటెమ్‌ను గుర్తించడానికి పేరు కన్నా ‘ఆటోమేషన్‌ఐడీ’ మేలు, రాసినవారు దాన్ని ఇచ్చి ఉంటే. విండోస్ ఎస్‌డీకేలోని ఇన్‌స్పెక్ట్ పనిముట్టు ఇవన్నీ చూపిస్తుంది. పైవిన్‌ఆటోలో బ్యాక్‌ఎండ్‌ను ‘యూఐఏ’గా మార్చితే ఇదే దారిలో నడుస్తుంది.

మ్యాక్‌లో సిస్టమ్ ఈవెంట్స్ ద్వారా యాపిల్‌స్క్రిప్ట్ మెనూ ఐటెమ్‌ను నొక్కగలదు. అందుకు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వాలి, అక్కడ ఐటెమ్‌ను సాధారణంగా పేరుతోనే గుర్తిస్తారు కాబట్టి భాష మారితే స్క్రిప్ట్ మార్చాలి. లినక్స్‌లో ఇదే పనికి ఏటీ-ఎస్‌పీఐ అనే యాక్సెసిబిలిటీ వ్యవస్థ ఉంది.

అప్లికేషన్ కొత్త సంచిక వచ్చినప్పుడు

ఐడీలు భాషతో మారవు గానీ, అప్లికేషన్ రాసినవారు కొత్త సంచికలో మార్చవచ్చు. నిన్న ‘ఎక్స్‌పోర్ట్’ అయిన అంకె రేపు ‘డిలీట్’ కావడానికి అడ్డేమీ లేదు. అందుకే మూడవ అడుగులో రాసుకున్న మెనూ చెట్టు ఫైలును పారేయకండి. దాన్ని స్క్రిప్ట్ పక్కనే ఉంచి, ప్రతిసారీ మొదలయ్యేటప్పుడు మీకు కావలసిన ఐడీ దగ్గర మీరు రాసుకున్న పేరే ఇప్పటికీ ఉందా అని పోల్చి చూసే నాలుగు వరుసలు చేర్చండి. తేడా కనిపిస్తే ఏ సందేశమూ పంపకుండా, పాత పేరు, కొత్త పేరు రెండింటినీ లాగ్‌లో రాసి, స్క్రిప్ట్ అక్కడితో ఆగిపోవాలి.